మెత్తని నీళ్లలో కరిగిపోయిన క్రిప్టులు: విశాఖపట్నంలో ఒక తొట్టి కేస్ స్టడీ

విశాఖపట్నంలో మొక్కల అక్వేరియాలు అమర్చడం, అవి పాడైతే వెళ్లి చూడడం నా పని. ఈ కేసులో ఆరు వారాలు తప్పు దారిలో నడిచాను. నన్ను ఆ దారి పట్టించింది నా నీటి పరీక్ష కిట్‌తో నేనే తీసుకున్న ఒక కొలత. కొలత సరైనదే, దాన్ని చూసి నేను వేసుకున్న అంచనా తప్పు. నేను వెళ్లే అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ఇప్పుడు నీటి సాఫ్ట్‌నర్లు, అంటే నీటి కాఠిన్యం తీసే యంత్రాలు, ఉన్నాయి. అందుకే ఇది వివరంగా రాసి పెడుతున్నాను. తొట్టి యజమానిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఇక్కడ ఆయన్ను మాస్టారు అని పిలుస్తాను.

నేపథ్యం

మాస్టారుకు క్రిప్టోకోరైన్ జాతి మొక్కలంటే ప్రాణం. పెంచేవాళ్లందరూ వాటిని క్రిప్టులనే అంటారు. చేమ, కంద ఏ కుటుంబానికి చెందినవో ఇవీ ఆ కుటుంబానివే. నీటి అడుగున నెమ్మదిగా పెరుగుతాయి, మొదలు చుట్టూ పిలకలు వేస్తాయి. శ్రీలంక నుంచి వచ్చిన వెండ్‌టై, బెకెట్టై, వాకెరై, వేలెడు కూడా ఎదగని పార్వా, పొడవాటి ముడతల ఆకుల బాలన్సే, ఇలా నాలుగేళ్లలో పద్దెనిమిది రకాలు ఆయన సేకరించారు. ప్రతి మొక్క ఏ రోజు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో, మొదటి పిలక ఎప్పుడు వేసిందో ఒక నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఆ పుస్తకమే తరువాత మాకు చాలా ఉపయోగపడింది.

తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. మట్టి, రాళ్లు పోగా సుమారు 210 లీటర్ల నీళ్లు పడతాయి. పాత ఇంట్లో కార్పొరేషన్ నీళ్లతో అది అడవిలా పెరిగింది. జనవరిలో మాస్టారు సముద్రానికి దగ్గరగా ఉన్న కొత్త ఫ్లాటుకు మారారు. తొట్టి కూడా వచ్చింది.

మారిన రెండు వారాలకే ఆకులు జిగురుగా మారి కరిగిపోయాయి. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, అందులో తప్పు కూడా లేదు. నీరు, వెలుతురు, చోటు, వీటిలో ఏది మారినా క్రిప్టులు ఆకులు రాల్చి మళ్లీ మొదలుపెడతాయి. చేమ ఆకు ఎండినా మట్టిలో దుంప ఎలా బతికి ఉంటుందో అలాగే. మార్చిలో కొత్త ఆకులు వచ్చాయి కూడా. ఏప్రిల్ చివరి నుంచి అవి మళ్లీ పాడవడం మొదలైంది. ఈసారి ఆగలేదు.

నేను చూసినది

జూన్ రెండో వారంలో నన్ను పిలిచారు. రొటాలా మాక్రాండ్రా అనే మరో నీటి మొక్క అప్పటికే పూర్తిగా పోయింది. పార్వా ఉన్నచోట ఖాళీ మట్టి కనిపించింది. వెండ్‌టై మొదళ్ల నుంచి వస్తున్న కొత్త ఆకులు చిన్నవిగా, కొనలు మెలితిరిగి, ఈనెల మధ్య పసుపుగా ఉన్నాయి. ముదురు ఆకుల అంచుల మీద నల్లని గడ్డంలాంటి నాచు పట్టింది. వీటన్నిటి మధ్య ఒక మూల వాలిస్నేరియా అనే రిబ్బను ఆకుల మొక్క మాత్రం పచ్చగా, ఒత్తుగా, పైదాకా పెరిగి నీటి మీద పరచుకుంది.

మాస్టారు భార్య ఆ రోజు ఒక మాట అన్నారు. “ఈ ఇంట్లో నీళ్లు చాలా మంచివండీ. గీజరుకు సున్నం పట్టడం లేదు. ఒంటికి సబ్బు రాసుకుంటే మాత్రం ఒక పట్టాన వదలదు.” ఆ మాట విని నవ్వుతూ తల ఊపాను. సమస్యకు సగం జవాబు అందులోనే ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

నా కంటే ముందు చేసినవి

లోపం కనిపించగానే ఎరువు పెంచడం అందరూ చేసే పనే. మాస్టారు ఎరువు రెట్టింపు చేశారు, ఎనిమిది గంటలు వెలిగే లైటును పది గంటలకు పెంచారు. ఎదగలేని మొక్కకు ఎరువూ వెలుతురూ ఎక్కువ ఇస్తే ఆ మిగులును నాచు వాడుకుంటుంది. అదే జరిగింది.

తరువాత కార్బన్ డయాక్సైడ్ సిలిండరు పెట్టారు. ఆ గ్యాసు కలిస్తే నీటి పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, దిగుతుంది. క్రిప్టులకు పీహెచ్ 6.8 మంచిదని ఎక్కడో చదివి, ఆ అంకె వచ్చేవరకు గ్యాసు పెంచుతూ పోయారు. 7.1 దగ్గరకు రాగానే చేపలన్నీ నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. భయపడి ఆపేశారు. ఈ సంఘటనను ఆయన నాకు చెప్పారు. నేను దాన్ని అనుభవం లేని చేతి పొరపాటుగా తీసుకున్నాను. నిజానికి అది నీళ్ల గురించి చాలా స్పష్టమైన సాక్ష్యం. పీహెచ్ ఇంకా 7 కిందికి దిగకముందే చేపలకు ఊపిరి ఆడలేదంటే, ఆ నీళ్లలో బైకార్బనేట్ చాలా ఎక్కువగా ఉండి పీహెచ్‌ను పట్టి ఉంచుతోందని అర్థం.

నేను చేసి విఫలమైనవి

మొదటి రోజు రెండే పరీక్షలు చేశాను. గ్యాసు లేని నీటిలో పీహెచ్ 8.3, జీహెచ్, అంటే కాల్షియం, మెగ్నీషియం కలిసిన కాఠిన్యం, 3 డిగ్రీలు. జీహెచ్ 3 చూడగానే నా మనసు నిశ్చింతపడింది. ఇవి మెత్తని నీళ్లు, క్రిప్టులకు ఢోకా లేదు అనుకున్నాను. చెరువులు, గెడ్డల నీళ్లలో జీహెచ్ తక్కువైతే కేహెచ్, అంటే బైకార్బనేట్, కూడా సాధారణంగా తక్కువే ఉంటుంది. అందుకే కేహెచ్ కొలవలేదు. మరి పీహెచ్ 8.3 ఎందుకుంది అన్న ప్రశ్న వేసుకోవలసింది. వేసుకోలేదు. తొట్టిలోని ఇసుక, కైలాసగిరి వైపు కనిపించే ఎర్రటి ఖొండలైట్ రాళ్లు సున్నం వదులుతున్నాయేమోనని వాటి మీద వెనిగర్ మాత్రం పోసి చూశాను. ఒక్క బుడగ రాలేదు. రాళ్ల మీద అనుమానం పోయింది, నీళ్ల మీద అనుమానమే రాలేదు.

కొత్త ఆకులు ఈనెల మధ్య పాలిపోతే మొదట గుర్తొచ్చేది ఇనుము. నత్రజని, పొటాష్ తగ్గితే మొక్క పాత ఆకుల నుంచి లాక్కుని కొత్త ఆకుకు పంపుతుంది కాబట్టి పాత ఆకు పసుపవుతుంది. ఇనుమునూ కాల్షియాన్నీ అలా లాక్కోలేదు, కొత్త ఆకే చెబుతుంది. ఇక్కడిదాకా నా ఆలోచన సరిగానే నడిచింది. ఈడీటీఏ రూపంలోని ఇనుము, అంటే నీటిలో కరిగి ఉండేలా ఒక రసాయనంతో కట్టిన ఇనుము, వారానికి రెండుసార్లు వేయించాను. మూడు వారాలు గడిచినా మార్పు లేదు. పీహెచ్ 7 దాటిన నీటిలో ఆ ఇనుము ఎక్కువసేపు కరిగి ఉండదు, మొక్కకు అందకుండా పోతుంది. సున్నపు నేలల్లో చెరకు పాలిపోతే మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదనీ, అన్నభేదిని (ఫెర్రస్ సల్ఫేట్‌ను) ఆకుల మీదే పిచికారీ చేయాలనీ అనకాపల్లి వైపు రైతులకు తెలుసు. నీటి అడుగున ఉన్న ఆకు మీద పిచికారీ చేసే వీలు మనకు లేదు. ఇక్కడ పీహెచ్ సంగతి తేల్చకుండా ఇనుము వేయడం వృథా.

నా రెండో చర్య వృథా కావడంతో ఆగలేదు, నష్టం కూడా చేసింది. నాచు తగ్గించడానికి లిక్విడ్ కార్బన్ పేరుతో అమ్మే ద్రావణాన్ని వేయించాను. అందులో ఉండేది గ్లుటరాల్డిహైడ్, ఆసుపత్రుల్లో పరికరాలను శుద్ధి చేయడానికి వాడే రసాయనమే. నాచు ఎర్రబడి చచ్చింది. దాంతో పాటు వాలిస్నేరియా కూడా వారంలో గాజులా పారదర్శకమై కరిగిపోయింది. వాలిస్నేరియా ఆ మందుకు తట్టుకోలేదని నాకు తెలుసు. మోతాదు తక్కువే కదా అనుకున్నాను. తొట్టిలో బాగున్న ఒకే ఒక్క మొక్కను నా చేతులతో చంపాను. మాస్టారు ఏమీ అనలేదు, నోటుపుస్తకంలో తేదీ రాసుకున్నారు.

ఆ మొక్క ఎందుకు బాగుందో అడగకపోవడం దాన్ని చంపడం కన్నా పెద్ద తప్పు. వాలిస్నేరియాకు ఒక ప్రత్యేకత ఉంది. నీటిలో కార్బన్ డయాక్సైడ్ చాలకపోతే బైకార్బనేట్ నుంచి కూడా కార్బన్ తీసుకోగలదు. రొటాలా మాక్రాండ్రాకు బైకార్బనేట్ తక్కువగా ఉన్న మెత్తని నీళ్లు కావాలి. అంటే తొట్టిలో ఏది బతికింది, ఏది పోయింది అన్న జాబితాయే కేహెచ్ ఎక్కువగా ఉందని చెబుతోంది. నేను పోయినవాటినే చూశాను.

దారి దొరికిన రోజు

జులై చివర్లో మాస్టారు ఇంటికి వెళ్తుంటే సెల్లార్‌లో వాచ్‌మన్ ఒక ఉప్పు బస్తా మోసుకుంటూ కనిపించాడు. ఎందుకని అడిగాను.

“నీళ్ల మిషన్‌కండి. వేసవి నుంచి అంతా బోరు నీళ్లే కదా, ఉప్పు ఎక్కువ పడుతోంది.”

మెట్ల దగ్గరే ఆగిపోయాను. సాఫ్ట్‌నర్ నీటిలోని కాల్షియం, మెగ్నీషియాలను పట్టుకుని వాటి బదులు సోడియాన్ని వదులుతుంది. ఆ పట్టుకునే శక్తి తిరిగి రావడానికే దానికి ఉప్పు పోస్తారు. గీజరుకు సున్నం పట్టకపోవడానికి, సబ్బు జారుగా అంటుకుని ఉండడానికి, నా జీహెచ్ పరీక్షలో 3 రావడానికి కారణం ఒక్కటే. కాఠిన్యం పోయింది, బైకార్బనేట్ అలాగే ఉంది, కరిగి ఉన్న మొత్తం లవణం కూడా తగ్గలేదు. మెత్తని నీళ్లు అని నేను అనుకున్నవి సోడా ఉప్పు కలిపిన నీళ్లలాంటివి.

ఆ రోజు టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న మొత్తం లవణం, కొలిచే మీటరు, కేహెచ్ కిట్ తెప్పించి అన్నీ కొలిచాను. సాఫ్ట్‌నర్‌కు ముందు బోరు నీరు: టీడీఎస్ 490, జీహెచ్ 15, కేహెచ్ 12. సాఫ్ట్‌నర్ దాటిన కుళాయి నీరు: టీడీఎస్ 510, జీహెచ్ 1, కేహెచ్ 12. తొట్టి నీరు: టీడీఎస్ 1,140, జీహెచ్ 3, కేహెచ్ 19.

కేహెచ్ 19 దగ్గర పీహెచ్ 7.1 అంటే లీటరుకు దాదాపు 45 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడ్. మొక్కల తొట్టిలో మేము పెట్టుకునే లక్ష్యం 30. చేపలు పైకి వచ్చాయంటే ఆశ్చర్యం ఏముంది?

కుళాయిలో 510 ఉన్నది తొట్టిలో 1,140 ఎలా అయింది? దీనికి మన ఊరి వేసవే కారణం. మార్చి నుంచి తొట్టి మీద ఫ్యాను తిరుగుతోంది. ఫ్యాను గాలికి నీరు ఆవిరై తొట్టి రెండు డిగ్రీల దాకా చల్లబడుతుంది. సముద్రపు తేమ వల్ల ఇక్కడ అంతకు మించి చల్లబడదు, అందుకని మాస్టారు రాత్రీ పగలూ ఫ్యాను వేసే ఉంచారు. రోజుకు నాలుగు లీటర్ల నీరు ఆవిరయ్యేది, ఆ లోటును కుళాయి నీటితో నింపేవారు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. వారానికి 28 లీటర్లు లోటు నింపడానికి, 20 లీటర్లు నీళ్లు మార్చడానికి, మొత్తం 48 లీటర్ల నీటిలోని ఉప్పు లోపలికి పోతోంది. బయటకు తీసేది 20 లీటర్లే. లోపలి ఉప్పు కుళాయి నీటికి 2.4 రెట్లు అయ్యేవరకు ఈ లెక్క ఆగదు. 510ని 2.4తో గుణిస్తే 1,224. నాలుగు నెలలకు పైగా ఫ్యాను తిరిగాక 1,140 దగ్గర ఉండడం సరిపోయింది.

మరో సాక్ష్యం అద్దం మీదే ఉంది. నీటి అంచు వెంట తెల్లని పొడి గీత. అది సున్నమైతే వెనిగర్ లేనిదే కదలదు. తడి గుడ్డతో ఒక్కసారి తుడవగానే పోయింది. దాన్ని చూస్తే నాకు చౌడు నేల గుర్తొచ్చింది. చౌడు భూమిలోనూ జరిగేది ఇదే కదా: సోడియం, బైకార్బనేట్ పేరుకుంటాయి, కాల్షియం అడుగంటుతుంది, పైన తెల్లగా పూస్తుంది, పైరు ఎదగదు. మాస్టారు తొట్టికి చౌడు పట్టింది. వెండ్‌టై కొత్త ఆకు కొనలు మెలితిరగడం కాల్షియం లోపంతో కూడా సరిపోతుంది.

నిర్ధారణ

ఒకసారి తప్పు చేసినవాణ్ణి కాబట్టి ఈ ఊహను కూడా పరీక్షించకుండా తొట్టి మీద ప్రయోగించదలచుకోలేదు. నోటుపుస్తకం తిరగేస్తే, పాత ఇంట్లో ఉన్నప్పుడే అదే వెండ్‌టై పిలకలు ఒక స్నేహితునికి ఇచ్చినట్టు ఉంది. ఆయన ఇంటికి వెళ్లాం. కార్పొరేషన్ నీళ్లతో, గ్యాసు లేకుండా, మామూలు లైటు కింద ఆ మొక్కలు గుబురుగా పెరిగి ఉన్నాయి. ఒకే తల్లి మొక్క పిల్లలు. రోగం అన్న అనుమానం అక్కడితో తీరిపోయింది. ఈ పని జూన్‌లోనే చేసి ఉండవలసింది.

అక్కడి నుంచి తెచ్చిన పిలకలను మూడు సీసాల్లో ఒకే మట్టి వేసి, ఒకే కిటికీ దగ్గర పెట్టాం. మొదటి దానిలో తొట్టి నీరు, రెండో దానిలో స్నేహితుని ఇంటి కుళాయి నీరు, మూడో దానిలో ఒక వంతు శుద్ధి చేయని బోరు నీరు, రెండు వంతులు ఆర్‌ఓ నీరు. మూడో సీసాలో మొదటి వారం ఒక ఆకు కరిగింది, మాస్టారు ముఖం వాడిపోయింది. మార్పుకు క్రిప్టు చెల్లించే పన్ను అది, దుంప గట్టిగా ఉందా లేదా అన్నదే చూడాలని చెప్పాను. మూడు వారాలకు రెండో, మూడో సీసాల్లో నిటారుగా కొత్త ఆకులు వచ్చాయి. మొదటి సీసాలో దుంప మాత్రం మిగిలింది.

పనిచేసిన మార్గం

బోరు, ఆర్‌ఓ మిశ్రమాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఉత్త ఆర్‌ఓ నీళ్లలో కాల్షియం ఉండదు, లవణాల పొడి కొని కలపాలి. సాఫ్ట్‌నర్‌కు ముందున్న బోరు నీటిలో ఆ కాల్షియం పుష్కలంగా ఉంది. రెండింటినీ కలిపితే టీడీఎస్ 180 చిల్లర, జీహెచ్ 5, కేహెచ్ 4 వచ్చాయి. సంపు దగ్గర సాఫ్ట్‌నర్‌కు ముందే ఒక కుళాయి ఉంది, వాచ్‌మన్ వారానికి ఒక బకెట్ పట్టి ఇస్తానన్నాడు.

ఏసీ నుంచి కారే నీళ్లు వాడవచ్చా అని మాస్టారు అడిగారు. విశాఖ తేమకు ఏసీ రోజూ బకెట్లు నింపుతుంది, దానిలో లవణాలు దాదాపు ఉండవు. కానీ ఆ నీరు రాగి గొట్టాలు, అల్యూమినియం రేకులు, వాటి మీది దుమ్ము మీదుగా వస్తుంది. తొట్టిలో రొయ్యపిల్లలు ఉన్నాయి. రాగి లేశమాత్రం ఉన్నా రొయ్యలు తట్టుకోలేవు. అందుకే వద్దన్నాను. వాన నీళ్లకు ఒప్పుకున్నాను, తొలి జల్లు దుమ్మంతా కడిగి పోయాక పట్టిన నీళ్లయితేనే.

ఆవిరైన లోటును ఇకపై ఆర్‌ఓ నీటితోనే నింపాలి, ఎందుకంటే పోయింది నీరే కాబట్టి తిరిగి ఇవ్వవలసింది కూడా నీరే. వారానికి ఒకసారి 42 లీటర్లు, అంటే ఐదో వంతు, తీసి మిశ్రమం పోయాలి. ఒక్క రోజులో సగం మార్చేద్దామని మాస్టారు తొందరపడ్డారు. ఒప్పుకోలేదు. 1,140 నీటికి అలవాటుపడిన చేపను ఒక్కసారిగా పలుచని నీటిలో ఉంచితే దాని శరీరం తట్టుకోలేదు. మిగిలిన క్రిప్టులకు కూడా అది మరో పెద్ద కుదుపు. వారం వారం కొలత 950, 800, 690 ఇలా దిగుతూ తొమ్మిదో వారానికి 340కి వచ్చింది. ఈ తొమ్మిది వారాలూ ఎరువు సగానికి, లైటు ఏడు గంటలకు తగ్గించాం, సిలిండరు కట్టేశాం. మరేదీ మార్చలేదు. ఏ మార్పు ఏ ఫలితం ఇచ్చిందో తెలియాలంటే మార్పులు వీలైనంత తక్కువగా ఉండాలి.

ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీరు నాకు బాధ కలిగించే విషయం. ఈ ఇంట్లో ఒక లీటరు మంచి నీటికి మూడు లీటర్లు బయటకు పోతున్నాయి. వాటిని నేల తుడవడానికి పట్టి ఉంచుతున్నారు, కుండీలకు మాత్రం పోయవద్దన్నాను. ఆ నీటిలో ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది, కుండీ మట్టికీ చౌడు పడుతుంది.

ఫలితం

నాలుగో వారంలో వెండ్‌టై మెలిక లేని ఆకు వేసింది. ఏడో వారానికి ఈనెల మధ్య పసుపు పోయింది. పీహెచ్ 7.3కి దిగాక, ఈడీటీఏ లాంటిదే అయినా పీహెచ్ 7.5 వరకు నిలిచే డీటీపీఏ రూపంలోని ఇనుము కొద్దిగా వేయించాను, అప్పుడు ఆకులకు గోధుమ రంగు నిగనిగ తిరిగి వచ్చింది. బాలన్సే అసలు పోనేలేదు. అది సున్నపురాతి ప్రాంతపు వాగుల్లో పెరిగే రకం, బైకార్బనేట్‌కు అలవాటుపడినది. పద్దెనిమిది రకాల్లో రెండు పూర్తిగా పోయాయి.

పార్వా ఉన్నచోట మట్టిని కదిలించవద్దని మొదటి నుంచీ చెబుతూ వచ్చాను. ఆకు లేని క్రిప్టును పారేయడం వల్ల పోయే మొక్కలు జబ్బు వల్ల పోయేవాటి కన్నా ఎక్కువని నా అనుభవం. నవంబరు మొదటి వారంలో మాస్టారు ఫోన్ చేశారు. “వచ్చిందయ్యా! బియ్యపు గింజంత ఉంది.” అదే రోజు వెళ్లి భూతద్దంతో చూశాను. మూడు చోట్ల మొలిచింది.

అప్పటి నుంచి ఏ కొత్త ఇంటికి వెళ్లినా తొట్టిని చూసే ముందు సంపు దగ్గరకు వెళ్తున్నాను. ఏ నెలలో ఏ నీరు వస్తుంది, సాఫ్ట్‌నర్ ఉందా అని వాచ్‌మన్‌ను అడుగుతున్నాను. టీడీఎస్, జీహెచ్, కేహెచ్ మూడూ కలిపి చూస్తేనే నీరు ఏమిటో తెలుస్తుంది. మాస్టారు కూడా ప్రతి రకం పిలకలను వేర్వేరు నీళ్లున్న రెండు ఇళ్లకు ఇవ్వడం మొదలుపెట్టారు.

ఒక ప్రశ్న మిగిలింది. మొక్కలు సోడియం, బైకార్బనేట్ ఎక్కువై పోయాయా, కాల్షియం చాలక పోయాయా? మేము రెండింటినీ ఒకేసారి సరిచేశాం కాబట్టి ఈ కేసు దానికి జవాబు చెప్పదు. చౌడు నేలకు రైతులు జిప్సం వేస్తారు. జిప్సం కాల్షియాన్ని ఇస్తుంది, కేహెచ్‌ను పెంచదు. అందుకే ఇప్పుడు కిటికీ దగ్గర నాలుగో సీసా పెట్టాం: సాఫ్ట్‌నర్ నీరు, చిటికెడు జిప్సం, రెండు వెండ్‌టై పిలకలు. పక్కనే జిప్సం లేని ఐదోది. ఈ వారానికి రెండింటిలోనూ పాత ఆకులు కరిగాయి, దుంపలు గట్టిగానే ఉన్నాయి. మాస్టారు రోజూ ఉదయం చూసి రాసుకుంటున్నారు.